కొలోనియల్ అమెరికాలో రోజు ఎలా గడిచేదో పిల్లలతో ఇంట్లోనే చేయించడం ఎలా

అమెరికాలో ఉన్న మన పిల్లలు నాలుగో గ్రేడో ఐదో గ్రేడో వచ్చేసరికి చాలా స్కూళ్ళలో కొలోనియల్ డే అని ఒకటి పెడతారు, అంటే అమెరికా ఇంకా బ్రిటిష్ కాలనీలుగా ఉన్న కాలంలో వాళ్ళు ఎలా బతికారో చూపించే రోజు, అప్పుడు మనం ఏం చేస్తామంటే ఆన్‌లైన్‌లో ఒక బోనెట్టో మూడు మూలల టోపీయో ఆర్డర్ పెట్టేస్తాం, ఫోటో దిగుతాం, ఫ్యామిలీ గ్రూప్‌లో పెడతాం, అయిపోయింది. పిల్లకి చివరికి మిగిలేది ఏంటి, పాతకాలం వాళ్ళు వింత బట్టలు వేసుకునేవాళ్ళంట అని. ఆ డబ్బులతో కాస్త క్రీమ్, ఒక మొక్కజొన్న పిండి ప్యాకెట్టు, కొంచెం మైనం కొనుక్కోండి, ఒక శనివారం పొద్దున్నించి రాత్రి దాకా సరిపోద్ది. అప్పటి పిల్లల రోజులో ఎక్కువ భాగం పనే, నీళ్ళు మొయ్యడం, కట్టెలు తేవడం, చిలకడం, వడకడం. అందుకే ఇక్కడ చెప్పేవన్నీ పనులే. ఏడు నుంచి పదకొండేళ్ళ పిల్లలకి బాగా సరిపోతాయి, ఇంకా చిన్నవాళ్ళుంటే పొయ్యి దగ్గర పని, కత్తి పని మీరే చెయ్యండి.

ఇంకో మాట ముందే చెప్తాను. ప్రతి పని అయ్యాక పిల్లల్ని ఒకటే ప్రశ్న అడగండి: "ఆ ఇంట్లో ఈ పని ఎవరు చేసేవాళ్ళు?" ఈ ప్రశ్న లేకపోతే ఇదంతా ఉత్త క్రాఫ్ట్ క్లాసే. ఫ్రిజ్ మీద ఒక పేపర్ అంటించి పని పేరు ఒక పక్క, చేసినవాళ్ళు ఎవరో ఇంకో పక్క రాయించండి.

ముందు ఒక ఊరు, ఒక సంవత్సరం పట్టుకోండి

కొలోనియల్ కాలం అంటే చిన్నదేం కాదు. 1607లో వర్జీనియాలో జేమ్స్‌టౌన్ మొదలైంది, 1620లో మసాచుసెట్స్ వైపు ప్లిమత్, 1776లో స్వాతంత్ర్య ప్రకటన, అంటే నూట డెబ్బై ఏళ్ళ కథ, అది కూడా పదమూడు కాలనీల్లో. అన్నీ కలిపేస్తే పిల్లలకి ప్లిమత్‌లో దిగిన పిల్‌గ్రిమ్స్, జార్జ్ వాషింగ్టన్, టీ పార్టీ అన్నీ ఒకే వారంలో జరిగినట్టు అనిపిస్తది. నేనైతే వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్, 1765 తీసుకోమంటాను. అప్పటికి అది ఆ కాలనీ రాజధాని, దుకాణాలు, చేతిపనుల వాళ్ళు అందరూ ఉండేవాళ్ళు, ఇంకో కారణం ఏంటంటే ఆ ఊళ్ళో సగానికి పైగా జనం నల్లజాతి వాళ్ళు, వాళ్ళలో దాదాపు అందరూ బానిసలుగా బతికినవాళ్ళు. మన ప్రశ్నకి జవాబు అక్కడ తప్పించుకోడానికి వీల్లేదు. మీరు బాస్టన్ దగ్గర్లో ఉంటే మసాచుసెట్స్ పల్లెటూరి పొలం పెట్టుకోండి, అక్కడ ఎక్కువ పని ఇంటివాళ్ళే చేసుకునేవాళ్ళు, అలాగని అక్కడ బానిసత్వం లేదని మాత్రం చెప్పకండి, అక్కడా ఉంది.

పొద్దున్నే నీళ్ళు

దీనికి ఖర్చు సున్నా. వంటింటి కుళాయి మీద ఒక టవల్ కప్పేసి టిఫిన్ అయ్యేదాకా ముట్టుకోవద్దని చెప్పండి. మొహం కడుక్కోడానికి, తాగడానికి, గిన్నెలు తోమడానికి ఎన్ని నీళ్ళు కావాలో అన్నీ పెరట్లో గార్డెన్ కుళాయి నుంచే బకెట్‌తో తేవాలి, తాగే నీళ్ళు మటుకు మీరు లోపల విడిగా పెట్టుకోండి. ఒక గ్యాలన్ నీళ్ళు దాదాపు 3.8 కేజీలు, హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే ఐదు గ్యాలన్ల బకెట్ నిండా నింపితే పందొమ్మిది కేజీలు, పిల్లలు ఎత్తలేరు, ఎత్తనివ్వకండి కూడా, ఒక గ్యాలన్ పోస్తే చాలు. ఎన్ని సార్లు తిరిగారో వాళ్ళనే గీతలు గీసుకోమనండి. ఉతికే రోజు ఇంకెన్ని కావాలో అప్పుడు వాళ్ళే లెక్కేస్తారు, మీరు చెప్పక్కర్లేదు. ఊళ్ళో బోరింగు కొట్టి బిందె మోసిన అమ్మమ్మో నానమ్మో ఇంట్లో ఉంటే ఇక ఈ భాగం ఆవిడకి వదిలేసి మీరు కాఫీ తాగండి.

వెన్న

అన్నిటిలో పిల్లలకి ఎక్కువ నచ్చేది ఇదే, తప్పకుండా కుదిరేది కూడా ఇదే. హెవీ విప్పింగ్ క్రీమ్ ఒక కప్పు తీసుకుని ఫ్రిజ్‌లోంచి తీసి ఒక అరగంట బయట పెట్టండి, మరీ చల్లగా ఉంటే చెయ్యి నొప్పెట్టేదాకా ఊపినా రాదు, మరీ వెచ్చగా ఉంటే జిడ్డులా అయిపోద్ది. గట్టి మూత ఉన్న గాజు సీసాలో సగం వరకే పొయ్యండి, పైన ఖాళీ ఉండాలి, లేకపోతే క్రీమ్ కదలదు. ఇక ఊపడమే, వంతులవారీగా. మొదట ద్రవం చప్పుడు వస్తది, కాసేపటికి చప్పుడు ఆగిపోద్ది, లోపల అంతా విప్డ్ క్రీమ్ అయ్యి గాజుకి అతుక్కుంటది, ఇక్కడే పిల్లలు అయిపోయింది అనుకుని ఆపేస్తారు, ఆపనివ్వకండి. ఇంకొంచెం ఊపితే ఒక్కసారిగా దబ్ దబ్ మని ముద్ద కొట్టుకునే చప్పుడు మొదలవుద్ది, అదే వెన్న. మొత్తం పది పదిహేను నిమిషాలు పడుద్ది.

పాలలాంటి నీళ్ళు వంచేసి దాచుకోండి, వెన్నని గిన్నెలో వేసి చల్లటి నీళ్ళతో రెండు మూడు సార్లు, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి చెక్క గరిటెతో నొక్కండి. ఈ కడగడం ఎగ్గొడితే వెన్న తొందరగా పులిసిపోద్ది. తర్వాత ఉప్పు, రుచికి చిటికెడు చాలు, అప్పట్లో మాత్రం నిల్వ కోసం బాగానే వేసేవాళ్ళు.

మన ఇళ్ళలో పెరుగుని కవ్వంతో చిలుకుతాం, వాళ్ళు పాల మీద తేరిన మీగడ తీసి నిలువు పీపాలో కర్రతో పైకీ కిందకీ కొట్టేవాళ్ళు. కాబట్టి ఇక్కడ మిగిలిన నీళ్ళు మన మజ్జిగ కాదు, పులుపు ఉండదు, పిల్లలు తాగి తియ్యగా ఉందే అంటారు. పారబొయ్యకండి, రొట్టెలోకి వాడదాం. మీకు కవ్వం ఉంటే పక్కనే పెరుగు కూడా చిలికించండి, ఒకే పనికి రెండు దారులు ఎలా పుట్టాయో కళ్ళ ముందే కనపడుద్ది.

పేపర్ మీద రాయించే జవాబు: చిన్న పొలాల్లో ఆ ఇంటి ఆడవాళ్ళు, ఆడపిల్లలు. వర్జీనియా పెద్దింట్లో అయితే బానిసలుగా ఉన్న ఆడవాళ్ళు, ఆ వెన్న వాళ్ళు తినేది కాదు.

మొక్కజొన్న రొట్టె, అంటే హోకేక్

పిండి దగ్గర జాగ్రత్త. మన ఇండియన్ స్టోర్‌లో కార్న్‌ఫ్లోర్ అని దొరికే తెల్లటి మెత్తటి పొడి అసలు పనికిరాదు, అది సూప్ చిక్కబరిచే పిండి. కార్న్‌మీల్ అని రవ్వలా ఉండేది కావాలి. ఒక కప్పు కార్న్‌మీల్, అర టీస్పూన్ ఉప్పు, అందులో మరిగే నీళ్ళు ముప్పావు కప్పు పోసి కలిపి పది నిమిషాలు వదిలెయ్యండి, రవ్వ నానుద్ది. గట్టిగా అనిపిస్తే ఇందాకటి వెన్న తీసిన పాలు కొంచెం పొయ్యండి. ఇనప పెనం వేడి చేసి నెయ్యో నూనెయో వేసి చిన్న చిన్న బిళ్ళలుగా పరిచి ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు కాల్చండి, తొందరపడి తిప్పితే విరిగిపోతాయి. పిల్లలు చేసిన వెన్న, కొంచెం తేనె. జార్జ్ వాషింగ్టన్ పొద్దున్నే తినేది కూడా ఇవే, వెన్నలో తేనెలో మునిగేలా. ఆయన మౌంట్ వెర్నన్ ఇంటి వంటింట్లో అవి కాల్చింది బానిసలుగా ఉన్న వంటవాళ్ళు, ఇది కూడా పేపర్ మీదకి ఎక్కాలి.

తింటున్నప్పుడు మొక్కజొన్న ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పండి. ఇంగ్లండ్ నుంచి దిగినవాళ్ళకి ఈ పంట తెలీదు. వర్జీనియాలో పౌహటాన్ ప్రజలు, మసాచుసెట్స్‌లో వాంపనోయాగ్ ప్రజలు ఎన్నో తరాలుగా మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే పొలంలో కలిపి పండిస్తున్నారు, మొక్కజొన్న కాడ చిక్కుడుకి పందిరి, గుమ్మడాకు కింద నేలకి నీడ. 1609-10 చలికాలంలో జేమ్స్‌టౌన్‌లో తిండి లేక కోటలో వాళ్ళు ఎంతమంది పోయారంటే వసంతానికి మిగిలింది 60 మంది దాకానే. పెరట్లో జాగా ఉంటే మే నెలలో ఈ మూడు గింజలు కలిపి నాటించండి, ముందు మొక్కజొన్న, అది జానెడు ఎత్తు వచ్చాక చిక్కుడు, ఆ తర్వాత గుమ్మడి.

ఒకటి మాత్రం వద్దు, పిల్లల తలకి కాగితం ఈకలు కట్టి మొహానికి రంగులు పూయడం. వాంపనోయాగ్ వాళ్ళు ఇవాళ కూడా మసాచుసెట్స్‌లో ఉన్నారు, వాళ్ళ పిల్లలు కూడా మీ పిల్లల్లాగే స్కూల్ బస్సెక్కుతున్నారు, వేషం కట్టడానికి వాళ్ళేమైనా కథలో పాత్రలా.

బట్ట పని, మన బందరు కూడా ఇందులో ఉంది

ఆ కాలంలో ఆడవాళ్ళ గౌన్లకి జేబులు కుట్టేవాళ్ళు కాదు. జేబు విడిగా కుట్టి నాడాతో నడుముకి కట్టుకుని పైన లంగా వేసుకునేవాళ్ళు, లంగా పక్కన చీలికలోంచి చెయ్యి పెట్టి తీసుకునేవాళ్ళు. ఈ జేబు కుట్టించండి, సూది పని నేర్పడానికి ఇంతకన్నా మంచిది లేదు. పాత దుపట్టానో దిండు గలీబో తీసుకుని అడుగు పొడుగున, పైన సన్నగా కింద వెడల్పుగా, బేరీ పండు ఆకారంలో రెండు ముక్కలు కత్తిరించండి. పై ముక్కకి మధ్యలో పైనుంచి సగం దాకా నిలువుగా కోత, కోత అంచులు మడిచి కుట్టాలి, తర్వాత రెండూ కలిపి చుట్టూ కుట్టి పైన నాడా. మగపిల్లలకి కూడా చెప్పండి, ఇది ఆడపిల్లల పని అని వదిలెయ్యకండి, పైగా ఆరేళ్ళు వచ్చేదాకా అప్పటి మగపిల్లలు వేసుకున్నది కూడా గౌనే, ఆ ముక్క చెప్తే క్లాసంతా నవ్వులు.

ఆ పాత బట్ట కలంకారీ అయితే ఇంకా మంచిది, అందులో నిజమైన లింకు ఉంది. మచిలీపట్నం, మద్రాసు వైపు కోరమండల్ తీరంలో అద్దిన రంగుల నూలు బట్టలు ఈస్ట్ ఇండియా కంపెనీ ఓడల్లో లండన్ వెళ్ళేవి, అక్కణ్ణించి అమెరికా కాలనీలకి. ఇంగ్లండ్‌లో సొంత నేతగాళ్ళు గొడవ చేస్తే 1700లో ఒకసారి, 1721లో ఇంకా గట్టిగా ఆ బట్టల మీద నిషేధం పెట్టారు, అయినా కాలనీల్లో మటుకు అమ్ముకోనిచ్చారు. ఇంకొకటి చెప్తే పెద్ద పిల్లలు చెవులు రిక్కించి వింటారు: యేల్ యూనివర్సిటీకి ఆ పేరు వచ్చింది ఎలైహూ యేల్ నుంచి, ఆయన 1687 నుంచి 1692 దాకా మద్రాసు సెయింట్ జార్జ్ కోటకి గవర్నరు. ఆయన పంపిన పుస్తకాలు, బట్టల మూటలు, ఆ మూటలు అమ్మితే వచ్చిన డబ్బుతో బిల్డింగ్ లేచింది, 1718లో ఆ కాలేజీకి ఆయన పేరు పెట్టారు. ఆ మద్రాసు కాలంలో బానిసల వ్యాపారంతో ఆయనకి సంబంధం ఉండేదన్నది కూడా ఇవాళ యేల్ వాళ్ళే ఒప్పుకుంటున్న విషయం.

ఉల్లిపాయ పొట్టు నెల రోజులు దాచిపెడితే రంగు కూడా వెయ్యొచ్చు. పాత గిన్నెలో పొట్టు అరగంట ఉడకబెట్టి వడగట్టి, పటిక నీళ్ళలో ముందే నానబెట్టిన తెల్ల నూలు గుడ్డ అందులో వేసి ఇంకో అరగంట సన్న మంట మీద ఉంచితే పసుపు నారింజ మధ్య రంగు వస్తది.

ఈక కలం, సిరా

ముందు చట్టం సంగతి. పార్కులో పడున్న బాతు ఈక ఏరుకొచ్చేద్దాం అనుకోకండి, కెనడా గూస్ లాంటి అడవి పక్షుల ఈకలు దగ్గర ఉంచుకోవడం 1918 నాటి మైగ్రేటరీ బర్డ్ చట్టం ప్రకారం ఇక్కడ నేరం. పెంపుడు బాతువో టర్కీవో పెద్ద రెక్క ఈకలు కొనండి, క్రాఫ్ట్ స్టోర్‌లో దొరికే మెత్తటి రంగు ఈకలకి కాడ ఉండదు, కలం కాదు. కాడ చివర గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు నానబెట్టి, ఏటవాలుగా కోసి, లోపలి పొర గీకేసి, కొనకి మధ్యలో చిన్న చీలిక పెట్టి, రెండు పక్కలా సన్నగా చెక్కండి. ఇది పెద్దవాళ్ళ పని. మొదటి రెండు ఈకలు పాడవుతాయి, ఎక్కువే కొనుక్కోండి.

సిరాకి అర కప్పు బ్లాక్‌బెర్రీలు జల్లెడలో నలిపి రసం తీసి అర టీస్పూన్ వెనిగర్, అర టీస్పూన్ ఉప్పు కలపండి. అప్పట్లో ఎక్కువగా వాడింది ఓక్ చెట్టు కాయల్లాంటి బుడిపెలు, ఇనప లవణం కలిపి చేసే నల్ల సిరా, అది ఇంట్లో వద్దు, కానీ ఆ విషయం పిల్లలకి చెప్పెయ్యండి, లేకపోతే అందరూ పళ్ళ రసంతోనే రాశారనుకుంటారు. టేబుల్ మీద పాత పేపర్లు, ఒంటి మీద పాత టీషర్టులు, తెల్ల కార్పెట్ ఉన్న గదికి ఆమడ దూరం.

చదవడం నేర్పడానికి హార్న్‌బుక్ అని ఒక చెక్క పలక ఉండేది, పిడి ఉంటది, మీద అక్షరాల కాగితం, దానిపైన జంతువు కొమ్ముని పలచగా గీసిన పారదర్శకమైన పొర. అట్టముక్కతో ఆ ఆకారం కోసి పైన ప్లాస్టిక్ షీట్ అంటిస్తే సరిపోద్ది. ఇంగ్లీష్ అక్షరాల పక్కన అ ఆ ఇ ఈ కూడా రాయించారనుకోండి, ఎవరూ కాదనరు.

ఇక్కడ ఆగి కాసేపు కూర్చోబెట్టి మాట్లాడండి, రోజు మొత్తంలో ముఖ్యమైన మాట ఇదే. అప్పట్లో ముందు చదవడం నేర్పేవాళ్ళు, రాయడం తర్వాత, విడిగా, చాలా మంది ఆడపిల్లలకి చదవడం దగ్గరే ఆగిపోయేది. సౌత్ కరోలినాలో 1740లో చట్టమే చేశారు, బానిసలుగా ఉన్నవాళ్ళకి రాయడం నేర్పితే జరిమానా. ఎందుకు అనుకుంటున్నారు అని పిల్లల్నే అడగండి, చేతిలో కలం పట్టుకుని ఉన్నప్పుడు అడిగితే జవాబు వేరేగా వస్తది, ఉత్తరాలు రాసుకుంటారని, దొంగ పాస్, అంటే యజమాని ఇచ్చినట్టు బయటికెళ్ళే చీటీ, రాసుకుని పారిపోతారని వాళ్ళే పట్టేస్తారు. మన విలియమ్స్‌బర్గ్‌లోనే 1760 నుంచి 1774 దాకా బ్రే స్కూల్ అని నడిచింది, నల్లజాతి పిల్లలకి, బానిసలకీ స్వేచ్ఛగా ఉన్నవాళ్ళకీ, ఆన్ వేజర్ అనే టీచరు చెప్పేది. చదవడం, మత పాఠాలు, ఆడపిల్లలకి కుట్టుపని, దాంతోపాటు యజమాని మాట వినాలి అనే పాఠం కూడా. ఆ స్కూలు నడిచిన మొదటి చెక్క ఇల్లు ఇంకా ఉందని 2020లో తేలింది, 2023లో దాన్ని ట్రక్కు మీద ఎక్కించి పాత ఊళ్ళోకి తెచ్చారు.

బానిసత్వం గురించి నాటకం మాత్రం వెయ్యించకండి, వేలం ఆట, పారిపోయే ఆట లాంటివి. నువ్వు యజమానివి, నువ్వు బానిసవి అని పిల్లల్ని విడగొడితే వాళ్ళకి చరిత్ర తెలీదు, అవమానమో మజాయో తెలుస్తది, రెండూ చెడ్డవే. పేపర్ మీద ప్రశ్న చాలు.

ఆటలు

ఆటల్లో సగం మనకి తెలిసినవే, గోలీలు, బొంగరం, కర్రతో చక్రం దొర్లించడం. నైన్ మెన్స్ మోరిస్ అని ఒక బోర్డు ఆట చూపించండి, ఒకదాంట్లో ఒకటి మూడు చతురస్రాలు, మధ్యలో కలిపే గీతలు, ఇద్దరికీ చెరో తొమ్మిది గింజలు, మూడు వరుసలో పడితే ఎదుటివాడి గింజ తీసెయ్యడం. చూడగానే తాతయ్య "ఇది మన దాడి ఆట కదా" అంటారు. సుద్దముక్కతో డ్రైవ్‌వేలో గీసెయ్యండి, చింతగింజలు ఒక వైపు, మొక్కజొన్న గింజలు ఇంకో వైపు.

చీకటి పడ్డాక కొవ్వొత్తి

దీన్ని మధ్యాహ్నమే మొదలెట్టాలి, టైం పడుద్ది. పొడుగాటి పాత డబ్బాలో తేనెమైనం గానీ మామూలు పారఫిన్ గానీ వేసి, ఆ డబ్బాని నీళ్ళున్న గిన్నెలో పెట్టి సన్న మంట మీద కరిగించండి. మైనాన్ని నేరుగా మంట మీద ఎప్పుడూ పెట్టకండి, అంటుకుంటది, అంటుకుంటే నీళ్ళు పొయ్యకూడదు, మూత పెట్టి స్టవ్ ఆపాలి. నూలు ఒత్తి కింద చిన్న నట్టు కట్టి, ముంచి వెంటనే తియ్యాలి, లోపలే ఉంచితే పేరుకున్నది కూడా కరిగిపోద్ది. రెండు మూడు నిమిషాలు ఆరాలి, మళ్ళీ ముంచాలి, ఇలా పాతిక సార్లు. పిల్లలు వరసగా నించుని టేబుల్ చుట్టూ తిరుగుతూ ముంచితే చుట్టు తిరిగొచ్చేలోపు ఆరిపోద్ది. అప్పట్లో ఎక్కువ ఇళ్ళలో వాడింది పశువుల కొవ్వు, వాసన, పొగ, ఎలకలు కూడా తినేసేవి, శాకాహారం ఇళ్ళవాళ్ళకి తేనెమైనం పెద్ద ఊరట.

రాత్రి లైట్లన్నీ ఆపి ఒక్క కొవ్వొత్తి దగ్గర ఒక పేజీ చదివించండి, ఒక బటన్ కుట్టించండి. కొవ్వొత్తి పక్కనే ఫ్రిజ్ మీది పేపర్ పెట్టుకుని మిగిలిన గడులు నింపండి.

టీ గురించి, చూడ్డానికి వెళ్తే

ఐదో గ్రేడ్ పిల్లలు టీ పార్టీ అడగకుండా వదలరు. 1773 డిసెంబర్ 16న బాస్టన్ ఓడరేవులో టీ పన్ను మీద కోపంతో కాలనీవాళ్ళు ఈస్ట్ ఇండియా కంపెనీ టీ 342 పెట్టెలు నీళ్ళలో పారేశారు, ఆ కంపెనీ మన దేశాన్ని ఏలినదే అయినా ఆ టీ మాత్రం చైనాది, అస్సాం తోటలు మొదలైంది ఇంకో అరవై ఏళ్ళకి. మన పిల్లలు అది ఇండియా టీ అని క్లాసులో గొప్పగా చెప్పేస్తారు, ముందే సరిచెయ్యండి.

తర్వాత వీలైతే విలియమ్స్‌బర్గ్ వెళ్ళండి, వీధుల్లో టికెట్ లేకుండా నడవొచ్చు, కమ్మరి కొట్టు, నేతపని లాంటివి లోపలికెళ్ళి చూడాలంటేనే టికెట్. పక్కనే జేమ్స్‌టౌన్ కూడా ఉంది కాబట్టి రెండు రోజులు పెట్టుకోండి. బాస్టన్ వైపువాళ్ళకి ప్లిమత్‌లో ప్లిమత్ పటక్సెట్ మ్యూజియం. వెళ్ళేటప్పుడు ఆ ఫ్రిజ్ పేపర్ ఫోటో తీసుకెళ్ళండి, అక్కడ పని చేసి చూపించేవాళ్ళని పిల్లలే నేరుగా అడగొచ్చు, ఈ పని ఎవరు చేసేవాళ్ళు అని, వాళ్ళు ఓపిగ్గా చెప్తారు. వేసవిలో వర్జీనియా ఎండ మనూరి ఎండే, నీళ్ళ బాటిళ్ళు, టోపీలు మర్చిపోకండి.